రిటైరయ్యాక సూపర్ మార్కెట్‌లో రుచి చూపించే పని: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి 2022లో రిటైరయ్యాను. మూడేళ్లుగా శని, ఆదివారాల్లో నల్లగొండలోని ఒక సూపర్ మార్కెట్‌లో ఏప్రన్ కట్టుకుని, సరుకులకు వచ్చినవారికి తినుబండారాలు రుచి చూపిస్తున్నాను. నాతోపాటు రిటైరైనవారు, వారి ఇంట్లోవాళ్లు మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, అటు జడ్చర్ల, వనపర్తి నుంచి కూడా ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే నాకు తెలిసినంత వరకు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఈ పని ఏమిటి? జీతం ఇచ్చేది దుకాణమా, కంపెనీయా?

కొత్త బిస్కెట్టో, ఉప్మా మిక్సో, నూనెతో చేసిన వంటకమో చిన్న కప్పులో పెట్టి ఇస్తాం. తిన్నవారు అడిగినదానికి సమాధానం చెబుతాం. నచ్చితే ప్యాకెట్ ఎక్కడుందో చూపిస్తాం. పని ఇంతే. దుకాణాల్లో మనల్ని ప్రమోటర్ అంటారు. జీతం చాలావరకు దుకాణం ఇవ్వదు. సరుకు తయారుచేసే కంపెనీ ఒక ఏజెన్సీకి పని అప్పగిస్తుంది, ఆ ఏజెన్సీ మనల్ని పెట్టుకుంటుంది. కాబట్టి మీకు ముగ్గురు యజమానులు ఉన్నట్టే. బల్ల ఎక్కడ వేయాలో దుకాణం మేనేజర్ చెబుతాడు, ఏమి మాట్లాడాలో కంపెనీ చెబుతుంది, డబ్బు ఏజెన్సీ ఇస్తుంది. డబ్బు రాకపోతే దుకాణం మేనేజర్‌తో గొడవపడి లాభం లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవారు కాస్ట్‌కో దుకాణాల్లో ఈ పని చూసే ఉంటారు. అక్కడ తల నెరిసినవారు చాలామంది ఈ బల్లల దగ్గర కనిపిస్తారు. వారు కూడా ఎక్కువగా వేరే సంస్థ తరఫున పనిచేసేవారే. మన దగ్గర మాత్రం ఇప్పటికీ పాతికేళ్ల లోపు పిల్లలనే పెడుతున్నారు. పెద్దవారు అడగడం లేదు కాబట్టి ఇవ్వడం లేదని నేను నమ్ముతున్నాను.

అరవై దాటినవారిని తీసుకుంటారా?

తీసుకుంటారు, కానీ మనమే వెళ్లి అడగాలి. నేను అడిగినప్పుడు ఏజెన్సీ సూపర్‌వైజర్ కాసేపు తటపటాయించాడు. "ఎనిమిది గంటలు నిలబడగలరా పెద్దాయనా?" అన్నాడు. ముప్పై ఏళ్లు కదిలే బస్సులో నిలబడ్డానని చెప్పాను. ఒక్క ఆదివారం చూద్దామన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎవరూ వయసు ఎత్తలేదు.

పెద్ద చదువు అక్కర్లేదు. తెలుగు చదవడం రావాలి, ప్యాకెట్ మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలగాలి, వాట్సాప్‌లో ఫోటో పంపడం రావాలి. ఉర్దూ వస్తే మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో అది పెద్ద ఆస్తి. టీచర్లు, అంగన్‌వాడీలో చేసినవారు, బ్యాంకు కౌంటర్ల మీద కూర్చున్నవారు, మా ఆర్టీసీ వాళ్లు అందరూ ఈ పనికి సరిపోతారు. రోజూ వందలమంది ముఖాలు చూసి మాట్లాడినవారు వీరంతా.

పని ఎక్కడ వెతకాలి? మన ఊళ్లలో దొరుకుతుందా?

హైదరాబాద్‌లో దొరికినంత దొరకదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి చోట్ల పెద్ద సూపర్ మార్కెట్లలో వారాంతాల్లో దొరుకుతుంది. తేలికైన దారి చెబుతాను. ఆదివారం సాయంత్రం దుకాణానికి వెళ్లండి. బల్ల వేసుకున్న అమ్మాయో అబ్బాయో కనిపిస్తే, జనం పలచబడ్డాక వారి ఏజెన్సీ సూపర్‌వైజర్ నంబరు అడగండి. నాకు పని అలాగే దొరికింది.

నెల మొదటి రెండు వారాంతాల్లో గిరాకీ ఎక్కువ, జీతాలు అప్పుడే పడతాయి కదా. మే నెలలో పచ్చళ్ల కాలం కాబట్టి నూనెలు, కారాలు. రంజాన్‌లో సేమ్యా, ఖర్జూరం, షర్బత్. బతుకమ్మ, దసరాకు ముందు నెయ్యి, పిండివంటల సరుకు. సంక్రాంతికి మళ్లీ నూనె. ఈ కాలాలు గుర్తుంచుకుని రెండు మూడు వారాల ముందే ఫోన్ చేయాలి.

చిన్న కంపెనీలను కూడా వదలకండి. మన దగ్గర జొన్న, రాగి, కొర్రలతో అటుకులు, రవ్వ, బిస్కెట్లు చేసే మహిళా సంఘాలు ఉన్నాయి. వారికి ఏజెన్సీని పెట్టుకునే స్తోమత ఉండదు, నమ్మకమైన మనిషి మాత్రం కావాలి.

ముందు డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. రిజిస్ట్రేషన్ అని, యూనిఫాం అని, శిక్షణ అని ఎవరు అడిగినా వద్దని చెప్పండి. పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇస్తాడు గాని మన దగ్గర తీసుకోడు. ఆధార్, పాన్ నకళ్లు, బ్యాంకు ఖాతా నంబరు అడగడం మామూలే. ఓటీపీ అడిగితే అది మోసమే. ఇప్పటికే కట్టి మోసపోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రోజుకు ఎంత వస్తుంది?

నాకు మొదట 600 ఇచ్చారు, ఇప్పుడు 800 ఇస్తున్నారు. ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. అమ్మకం ఎక్కువైతే కొందరు అదనంగా ఇస్తారు. డబ్బు రోజు చివర చేతికి రాదు, నెల తర్వాత ఖాతాలో పడుతుంది. ఒక ఏజెన్సీ నా మూడు ఆదివారాల డబ్బు నాలుగు నెలలు తిప్పింది. అప్పటినుంచి రోజుకు ఎంత, ఏ తేదీకి, దారి ఖర్చులు ఎవరివి అన్న మూడు మాటలూ పని మొదలుపెట్టే ముందే వాట్సాప్‌లో రాయించుకుంటున్నాను. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

పెన్షన్ ఆగిపోతుందా? పన్ను కట్టాలా?

మా ఆర్టీసీ వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. మాకు ఉన్నది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ సంస్థ ఇచ్చే పెన్షన్. దాని కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లు పనిచేసినవారికి వచ్చేది కూడా ఇల్లు గడవడానికి చాలదు. అందుకే ఈ వయసులో మళ్లీ పనికి వెళ్తున్నామని చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. వారానికి రెండు రోజులు ఇలాంటి పని చేసినంత మాత్రాన ఆ పెన్షన్ ఆగదు. బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రం ఏడాదికోసారి ఇవ్వడం మాత్రం మరవకండి. ఈపీఎస్ పెన్షనర్లు దాన్ని ఏ నెలలో ఇచ్చినా ఆ రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది.

పన్ను సంగతి. కాంట్రాక్టు పద్ధతిలో ఇచ్చే డబ్బు ఏడాదిలో 1,00,000 రూపాయలు దాటితే ఏజెన్సీ 1 శాతం పట్టుకుని మిగిలింది ఇస్తుంది. పాన్ ఇవ్వకపోతే పట్టుకునేది 20 శాతం అవుతుంది, కాబట్టి పాన్ తప్పక ఇవ్వండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది. మనలో చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండదు. రిటర్ను వేస్తే పట్టుకున్నది తిరిగి వస్తుంది.

రోజంతా నిలబడాలి కదా, మోకాళ్లు ఆగుతాయా?

దీనికి నిజం చెప్పాలి. అందరికీ ఆగవు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి ఎముకల బాధ నాకు తెలుసు. అలాంటి నొప్పులు ఉన్నవారు ముందు డాక్టర్ని అడగండి, తర్వాతే ఏజెన్సీని అడగండి.

మిగిలినవారికి నేను పాటించేవి చెబుతాను. చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. దుకాణం గచ్చు గట్టిగా ఉంటుంది, కాళ్ల కింద రబ్బరు పట్టా వేయమని అడగండి. జానెడు ఎత్తున్న పీట ఒకటి బల్ల కింద పెట్టుకోండి. ఒక కాలు దాని మీద, ఒక కాలు నేల మీద పెట్టి, పది నిమిషాలకోసారి మార్చండి. నడుము నొప్పికి దీన్ని మించిన ఉపాయం నాకు దొరకలేదు. పిక్కల్లో నరాలు ఉబ్బినవారు, మా కండక్టర్లలో ఈ బాధ ఎక్కువ, డాక్టరు చెబితే బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. షుగర్ ఉన్నవారు జనం ఉన్నారని భోజనం వాయిదా వేయకూడదు.

స్టూలు అడగండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని చట్టంలోనే రాశాయి. అక్కడి సేల్స్ అమ్మాయిలు అడిగి సాధించుకున్న హక్కు అది. మన దగ్గర కూడా ప్రతి దుకాణంలో అమలు కావాలి. అయ్యేదాకా, జనం లేని మధ్యాహ్నం వేళ కూర్చోనివ్వని చోట నేను రెండోసారి పనికి ఒప్పుకోను. పొద్దంతా కాకుండా సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు మాత్రమే చేస్తామన్నా కొందరు ఒప్పుకుంటారు.

శుభ్రత గురించి ఏమి తెలిసి ఉండాలి? గాజులు, ఉంగరాలు తీయాలా?

ఆహారం ముట్టుకునేవారు ఏడాదికోసారి డాక్టరు పరీక్ష చేయించుకోవాలని, టైఫాయిడ్ లాంటి జబ్బులకు టీకా వేయించుకోవాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో ఉంది. వంట దగ్గర గడియారం, ఉంగరాలు, నగలు పెట్టుకోకూడదు. ఆడవారు పుస్తెలతాడు జాకెట్టు లోపలికి వేసుకుంటే సరిపోతుందని మా దుకాణంలో చెప్పారు. గాజులు తీయడం ఇష్టం లేనివారు మోచేతి దాకా తొడుగు వేసుకుంటున్నారు. విరేచనాలు, జ్వరం, చేతి మీద పుండు ఉన్న రోజు డబ్బు పోయినా సరే, పనికి వెళ్లకూడదు.

గ్లౌజులు వేసుకోగానే చేతులు శుభ్రమైపోయాయని అనుకుంటారు. హాజరు కోసం ఆ గ్లౌజుతోనే ఫోన్ తీసి సెల్ఫీ పంపుతారు, అదే చేత్తో కప్పు అందిస్తారు. ఫోన్ ముట్టుకుంటే, డబ్బు ముట్టుకుంటే, ముక్కు తుడుచుకుంటే గ్లౌజు మార్చి, చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి. కండక్టరుగా నోట్లు లెక్కపెట్టిన నా వేళ్ల రంగు సాయంత్రానికి ఎలా మారేదో నాకు గుర్తుంది.

ఎంగిలి సంగతి మన జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకసారి నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలోకి రాకూడదు, వచ్చినవారు తమ చేత్తో పళ్లెంలోంచి తీసుకోకూడదు. పట్టకారుతో మనమే ఒక్కొక్కరికి ఇవ్వాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు 2022 జూలై 1 నుంచి నిషేధం. చెక్క చెంచాలు, కాగితపు కప్పులు ఇస్తారు. ఒకసారి కప్పులు అయిపోతే మా ఆవిడ మోదుగాకు దొప్పలు కుట్టి పంపింది. ఆ రోజు పెద్దవారు దొప్పను చేతిలో తిప్పి చూసి మరీ తిన్నారు. వార్తాపత్రిక ముక్క మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఆ సిరా కడుపులోకి పోకూడదు, అది నిబంధనలకూ విరుద్ధం.

వండినది ఎంతసేపు ఉంచవచ్చు?

వేడిగా పెట్టేది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా పెట్టేది 5 డిగ్రీల లోపు. ఈ రెండింటి మధ్య క్రిములు పెరుగుతాయి. పాలు, పెరుగు, పనీర్, గుడ్డు, మాంసం ఏవైనా బయట రెండు గంటలు దాటితే పారేయాలి. కరెంటు పోయి ఇండక్షన్ పొయ్యి ఆగిపోతే గడియారం చూసుకోండి. అందుకే కొద్దికొద్దిగా వండాలి. మరో లాభం కూడా ఉంది. పోపు వేసిన ప్రతిసారీ ఆవాలు చిటపటమంటాయి, కరివేపాకు వాసన మూడు వరుసల అవతలికి పోతుంది, పప్పుల దగ్గర ఉన్నవారు తల తిప్పి చూస్తారు. నేను గొంతు చించుకుని పిలిచినప్పటికంటే అప్పుడే ఎక్కువమంది వస్తారు.

అలెర్జీల గురించి అడిగితే ఏమి చెప్పాలి?

చూసి చెప్పాలి. గుర్తున్నదాన్ని బట్టి చెప్పకూడదు. ఇది నేను భయపడి నేర్చుకున్న పాఠం.

మొదటి నెలలో చిరుధాన్యాల బిస్కెట్లు పెడుతున్నాను. ఆరేడేళ్ల పిల్లవాడు చెయ్యి చాపాడు. తల్లి "ఇందులో పల్లీలు ఉన్నాయా అంకుల్?" అని అడిగింది. "లేవమ్మా, జొన్న, రాగి, బెల్లం" అన్నాను. పాలమూరు, నల్లగొండ మనిషికి పల్లి అంటే ప్రమాదమన్న ఆలోచనే రాదు. చట్నీలో పల్లి, కూరలో పల్లి, ఉండల్లో పల్లి. కప్పు వాడి చేతికి వెళ్లాక ఎందుకో ప్యాకెట్ తిప్పి చూశాను. పదార్థాల జాబితా కింద చిన్న అక్షరాల్లో వేరుశనగ ఉందని రాసి ఉంది. వాడు అప్పటికే బిస్కెట్టు పెదవుల దాకా తెచ్చాడు. చెయ్యి పట్టుకుని లాక్కున్నాను. తల్లి ముఖం తెల్లబోయింది. ఒకసారి పల్లి చిక్కీ తిని వాడు ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడని చెప్పింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తల నెరిసిన మనిషి చెప్పాడు కదా అని నమ్మింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి బల్ల వేయగానే మొదటి పని ప్యాకెట్ వెనుక భాగం మొత్తం చదవడం. గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు ఉంటే కంపెనీ ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. వాటిని పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక అట్ట మీద రాసి బల్ల ముందు నిలబెడతాను. ఖాళీ ప్యాకెట్ ఒకటి రోజంతా పక్కనే ఉంచుకుంటాను. పిల్లలకు తల్లిదండ్రుల మాట లేకుండా ఏదీ ఇవ్వను, పిల్లలు ఎంత మారాం చేసినా.

షుగర్ ఉన్నవారు తినవచ్చా అని అడుగుతారు. ఏమనాలి?

మనం డాక్టర్లం కాము. ప్యాకెట్ చూపించండి. పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు. బెల్లమో ఖర్జూరమో రెండో స్థానంలో ఉంటే, చక్కెర కలపలేదని ముందువైపు ఎంత పెద్దగా రాసినా, అది ఎక్కువగా ఉందని మనం చెప్పాల్సిందే.

మాంసం, ఉపవాసాలు, దీక్షల సంగతి?

అడిగి ఇవ్వండి. మన దగ్గర సోమవారం ఒకరికి, శనివారం ఇంకొకరికి మాంసం ఉండదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవారు వస్తారు, రంజాన్‌లో రోజా ఉన్నవారు వస్తారు. రోజా ఉన్నవారికి కప్పు చాపడం కంటే ప్యాకెట్ చూపించి, ఇఫ్తార్‌కు తీసుకెళ్లమని చెప్పడం మర్యాద. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క శాకాహారం, గోధుమరంగు త్రికోణం మాంసాహారం. గుడ్డు కలిసినదానికి కూడా త్రికోణమే ఉంటుంది. కేకుల దగ్గర, మయొనైజ్ దగ్గర ఇది చూసుకోవాలి. రెండు రకాలూ ఒకే బల్ల మీద పెట్టమంటే ఒప్పుకోకండి.

జనం మొహమాటపడి రారు. ఎలా పిలవాలి?

ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవారు, ముఖ్యంగా ఆడవారు, తింటే కొనాలేమోనని పక్కనుంచి వెళ్లిపోతారు. "కొనక్కర్లేదమ్మా, రుచి చూసి ఎలా ఉందో చెప్పండి" అంటే ఆగుతారు. నాకంటే పెద్దవారిని అక్కా, అన్నా అంటాను, ఆడపిల్లలను బిడ్డా అంటాను. సార్, మేడమ్ అని నేర్పిస్తారు గాని, మన దగ్గర వరస కలిపిన పిలుపుకే మనిషి నిలబడతాడు.

ఒక రోజు జొన్న రవ్వ ఉప్మా పెట్టాను. శాలిగౌరారం నుంచి వచ్చిన ఒక ముసలామె రెండు వేళ్లతో నలిపి చూసి, నోట్లో వేసుకుని, "ఇది మా గట్కనే కదా బిడ్డా, దీనికి ఇంత ధరనా" అంది. నేను అవునన్నాను, ఇంట్లో జొన్నలు విసురుకుంటే చాలా చౌకని కూడా చెప్పాను. ఆమె కొనలేదు. పక్కన నిలబడి విన్న కోడలు రెండు ప్యాకెట్లు తీసుకుంది.

సరుకు బాగా లేకపోయినా పొగడాలా?

పొగడవద్దు. కారం ఎక్కువైతే కారం ఎక్కువని చెప్పండి, కారం ఇష్టపడేవారే కొంటారు. ఆరోగ్యం బాగవుతుందని, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని చెప్పమని ఒక సూపర్‌వైజర్ నన్ను ఒత్తిడి చేశాడు. ప్యాకెట్ మీద లేని మాట నా నోట రాదని చెప్పాను. ఆ వారం పని పోయింది. వేరే ఏజెన్సీలో దొరికింది. ఇక్కడ మనల్ని అందరూ గుర్తుపడతారు. గడియారం సెంటర్‌లో ఎదురైనవారు "మీరు చెబితే కొన్నాను" అంటారు. ఆ మాట ఎలా అంటారన్నది మన చేతుల్లోనే ఉంటుంది.

మిగిలినవి ఇంటికి తెచ్చుకోవచ్చా?

అడగకుండా ఒక్క ప్యాకెట్ కూడా తేకండి. పొద్దున ఎన్ని ఇచ్చారు, ఎన్ని విప్పాం, ఎన్ని మిగిలాయి అన్నది రాసి, సంతకం చేయించుకుని ఫోటో తీసి పంపండి. రేపు లెక్క తేడా వస్తే ఆ కాగితమే మనల్ని కాపాడుతుంది.

వచ్చిపోవడం ఎలా?

తెలంగాణ మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, ఆధార్ దగ్గర ఉంచుకోండి. నకిరేకల్, దేవరకొండ వైపు నుంచి వచ్చే ఆడవారికి దీనివల్లనే ఈ పని గిట్టుబాటు అవుతోంది. రాత్రి తొమ్మిదికి దుకాణం వదిలితే మీ ఊరికి చివరి బస్సు ఉంటుందో లేదో పని ఒప్పుకోకముందే డిపోలో కనుక్కోండి.

ఇంట్లో పిల్లలు పరువు పోతుందంటున్నారు. ఎలా ఒప్పించాలి?

మా అబ్బాయి కూడా అలాగే అన్నాడు. నేను వాదించలేదు. ఒక ఆదివారం మనవరాలిని తీసుకుని దుకాణానికి వచ్చాడు, నేను చూడలేదు. కాసేపు దూరంగా నిలబడి, తర్వాత వరుసలో వచ్చి చెయ్యి చాపాడు. అందరికీ ఇచ్చినట్టే ఒక్క కప్పు ఇచ్చాను. మనవరాలు ఇంకొకటి అడిగింది. వాళ్ల నాన్నను అడిగి ఇచ్చాను.

మొదటి రోజు వెంట ఏమి తీసుకెళ్లాలి?

ఆధార్ నకలు, డాక్టరు ఇచ్చిన పత్రం, చదివే కళ్లద్దాలు, నీళ్ల సీసా, మధ్యాహ్నం వేసుకునే మాత్రలు, ఇంటి అన్నం, చెయ్యి తుడుచుకోవడానికి రెండు శుభ్రమైన తువాళ్లు, గోళ్లు కత్తిరించుకున్న చేతులు, ఒక మార్కర్ పెన్ను, అట్ట ముక్క. పీట దుకాణంలో ఉండదు. అది కూడా సంచిలో పెట్టుకోండి.